ఏ గొంతు మాది?

"మీవాళ్ళ సంగీతం అంటే ఖవాలీ, గజల్, అంతే కదా?" అని అడుగుతుంటారు తెలుగు మిత్రులు. ప్రేమగానే అడుగుతారు. ఇంకోవైపు జుమ్మా నమాజు ముగించుకుని బయటికి వస్తుంటే పెద్దాయనెవరో భుజం మీద చెయ్యేసి "గానా బజానా మనకు హరామ్ గదా బేటా, పేపర్ల దాని గురించి ఎందుకు రాస్తవ్?" అంటాడు. ఆయనా ప్రేమగానే అంటాడు. ఈ రెండు ప్రేమల మధ్య మా చెవులు నలిగిపోతున్నాయి. ఒకరు రెండు గదులు చూపించి ఇదే మీ ఇల్లంటారు. ఇంకొకరు ఆ రెండు గదులకూ తాళం వేస్తామంటారు.

వినడం నిజానికి ఒంటరి పని. రికార్డు పెట్టుకుని కూర్చునేది ఒక్కరే. అయినా 'మేము' అనే రాస్తున్నాం. ఎందుకంటే మమ్మల్ని అడిగేవాళ్ళు ఎప్పుడూ బహువచనంలోనే అడుగుతారు. 'నీకేం నచ్చుతుంది' అని అడగరు, 'మీవాళ్ళకేం నచ్చుతుంది' అంటారు. సరే, ఆ బహువచనంలోనే జవాబు చెబుదాం. నూట ఇరవై ఏళ్ళకు పైబడిన రికార్డుల చరిత్రలో మా చెవిన పడ్డవాటిలో ఏది బాగుందో ఏది బాగాలేదో చెప్పడమే ఇక్కడ మా పని. ముస్లింను సంగీతం విషయంలో సాక్షిగా పిలుస్తారు, సామరస్యానికి ఉదాహరణగా నిలబెడతారు. అభిప్రాయం ఉన్న శ్రోతగా మాత్రం కూర్చోబెట్టరు. ఆ కుర్చీ మేమే లాక్కుని కూర్చుంటున్నాం.

1902 నవంబరులో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే దొర కలకత్తా వచ్చి మన గొంతులు పట్టుకుపోయాడు. ఆ గొంతుల్లో పేరు మోసింది గౌహర్ జాన్. ప్లేట్లు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయి తిరిగొచ్చేవి. అక్కడి పనివాళ్ళకు ఏ ప్లేటు ఎవరిదో తెలియడం కోసం పాట చివర పాడినవాళ్ళే తమ పేరు గట్టిగా చెప్పాలి. గౌహర్ జాన్ ఇంగ్లీషులో తన పేరు చెప్పుకోవడం ఇప్పటికీ వినొచ్చు. ఉస్తాదులు చాలామంది ఆ భోంగా ముందు పాడటానికి వెనకాడుతున్న రోజుల్లో తవాయఫ్‌లు ధైర్యం చేశారు. పుట్టుకతో ఆర్మీనియన్ క్రైస్తవ కుటుంబం, తల్లి తీసుకున్న మతం ఇస్లాం, చదువుకున్నదీ పాడిందీ బనారస్, కలకత్తాల్లో, చనిపోయింది 1930లో మైసూరులో. ఎన్నో భాషల్లో పాడింది. ఆమె ఎవరి మనిషి?

ఆ ప్లేట్ల మీద మా అభిప్రాయం కూడా చెప్పాలి. మూడు నిమిషాల్లో ఖయాల్ ముగించాలంటే ఎవరైనా పరుగెత్తాల్సిందే, ఆమె కూడా పరుగెత్తింది. రాగం కంటే హడావిడి ఎక్కువ. కానీ ఆ హడావిడిలోనూ ఒక్క స్వరం తప్పిపోదు. మా పెద్దలు గొప్పవాళ్ళ జాబితా చెప్పేటప్పుడు ఆమె పేరు మింగేస్తారు. తవాయఫ్ కదా! మన హైదరాబాద్ మహ్ లఖా బాయి చందా (1768–1824) ఉర్దూలో దీవాన్ రాసింది, పాడింది, బావులు తవ్వించింది. ఆమె గొంతు పట్టుకోవడానికి అప్పటికి గ్రామఫోన్ లేదు. ఉన్నా మనం దాచుకునేవాళ్ళమా అని అనుమానం.

అబ్దుల్ కరీం ఖాన్ (1872–1937) దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. కైరానాలో పుట్టి, మీరజ్‌లో స్థిరపడి, మైసూరు దర్బారుకు రాకపోకలు సాగించిన మనిషి. కర్ణాటక సంగీతాన్ని దగ్గరగా విని, అందులోని స్వరకల్పన పద్ధతిని తన సర్గమ్‌లోకి తెచ్చుకున్నాడు. ఆయన రికార్డుల్లో భైరవి ఠుమ్రీ గురించి, ఝింఝోటి గురించి ఉత్తరాదివాళ్ళు పుస్తకాలే రాశారు. మేము చెప్పదలుచుకున్నది వేరే ప్లేటు. ఖరహరప్రియలో రాముడికి సాటి ఎవరని అడిగే త్యాగరాజ కీర్తన ఉంది కదా, దాన్ని ఆయన పాడి రికార్డు ఇచ్చాడు. కిరానా ఘరానా ఉస్తాద్, తెలుగులో!

తెలుగు శ్రోతలకు మొదట నవ్వొస్తుంది. మాటలు ఆయన నోట్లో వెన్నలా కరిగిపోతాయి. హల్లులు మెత్తబడి అచ్చులే మిగులుతాయి. కర్ణాటక పండితుడు వింటే గమకాలు లేవని పెదవి విరుస్తాడు, అదీ న్యాయమే. కానీ స్వరాలు మొదలెట్టాక విషయం మారిపోతుంది. ఒక్కో స్వరాన్నీ దారం మీద పూసలా జరుపుతూ, ఎక్కడా ఒత్తిడి లేకుండా ఖరహరప్రియను తన కాఫీకి పొరుగింటి పిల్లలా పలకరిస్తాడు. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు పాడిన ఎన్నో ఖరహరప్రియల కంటే మాకు ఈ మూడు నిమిషాలు ఇష్టం. తెలుగులో పాడినందుకు ఆయన్ని సన్మానించాలని మేము అనడం లేదు. ఆ రాగం ఆయనకు కావలసింది, తీసుకున్నాడు. ఇచ్చిపుచ్చుకోవడం అని ఉపన్యాసాల్లో ఊదరగొట్టేది ఇంత మామూలుగా జరిగిపోయేది.

ఆయన ఇంటి కథ మాత్రం మామూలుది కాదు. తారాబాయితో కలిగిన పిల్లలు, తల్లి విడిపోయాక, హిందూ పేర్లతో పెరిగారు. అబ్దుల్ రహ్మాన్ సురేశ్‌బాబు మానే అయ్యాడు. చంపాకలి హీరాబాయి బరోడేకర్ అయింది. సకీనా సరస్వతి రాణే అయింది. ముగ్గురూ పెద్ద గాయకులే. వరసగా ఈ నలుగురి రికార్డులూ వినండి, ఒకే ఇంటి గొంతు వినిపిస్తుంది. పేర్లు చూసి మతాలవారీగా అరల్లో సర్దుకునేవాళ్ళు ఈ ఇంటిని ఎలా సర్దుతారు? 1937లో పాండిచ్చేరి వెళ్తూ దారిలో ఒంట్లో బాగాలేక సింగపెరుమాళ్ కోయిల్ రైల్వే స్టేషన్‌లో దిగి ఆ ప్లాట్‌ఫారం మీదే ప్రాణం వదిలాడు అబ్దుల్ కరీం ఖాన్. గుడి పేరున్న స్టేషన్. సమాధి మీరజ్ దర్గాలో.

బడే గులాం అలీ ఖాన్ మన ఊళ్ళోనే చనిపోయారు, 1968 ఏప్రిల్‌లో, బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. దాయిరా మీర్ మోమిన్‌లో పడుకుని ఉన్నారు. కసూర్‌లో పుట్టి, దేశ విభజనతో పాకిస్తాన్ పౌరుడై, తర్వాత ఇటు వచ్చి భారత పౌరసత్వం తీసుకున్న మనిషి. ముస్లింలను 'పాకిస్తాన్ పొండి' అనేవాళ్ళకు అటునుంచి ఇటు వచ్చిన ఈయన సంగతి గుర్తుండదు. ఆయన గుణకలి, మాల్‌కౌంస్ ఎల్పీ పెద్ద పేరున్నది. మా మాట అడిగితే ఖయాల్ కంటే ఠుమ్రీలోనే ఆయన పూర్తిగా విప్పుకుంటారు. ఖయాల్‌లో ఎక్కడో 'చూడండి నా గొంతు ఎంత దూరం పోతుందో' అన్న ధీమా వినిపిస్తుంది. ఠుమ్రీలో ఆ ధీమా జాలిగా మారుతుంది.

గజల్ గురించి పొడుగ్గా రాయం. దాని గురించి అందరూ రాశారు. ఒక్క మాట. హైదరాబాద్‌లో గజల్ గాయకుల పేర్లు చెప్పమంటే ముందు రావాల్సిన పేరు విఠల్ రావు. మొఅజ్జం జా దర్బారులో పాడినవారు, 2015లో పోయారు. ఉర్దూ ఉచ్చారణలో ఆయన ముందు నవాబులు కూడా నోరు సరిచేసుకోవాల్సిందే. జగ్జీత్, చిత్రా సింగ్‌ల 'ది అన్‌ఫర్‌గెటబుల్స్' 1970ల నడుమ వచ్చి గజల్‌ను పలచన చేసిందని పెద్దవాళ్ళ ఫిర్యాదు. పలచనయింది నిజమే. కానీ తెలుగు మీడియంలో చదివి అలీఫ్ బే రాని మా పిల్లలకు ఉర్దూ కవిత్వం అందింది ఆ క్యాసెట్ల వల్లనే. బడిలో ఉర్దూ టీచరు పోస్టు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంటే జగ్జీత్ సింగే టీచరయ్యాడు.

ఇక తెలుగు పాట. మహమ్మద్ రఫీ ఎన్టీఆర్ సినిమాల్లో పాడారన్నది కొత్తతరానికి వింతగా ఉంటుంది. 'భలే తమ్ముడు' (1969), 'ఆరాధన' (1976), 'అక్బర్ సలీం అనార్కలి' (1978). అంతకు ముందే నాగయ్యగారి 'భక్త రామదాసు' (1964)లో కబీరు పాత్రకు గొంతిచ్చారు. రఫీ తెలుగు మీద జోకులు వేసినవాళ్ళు చాలామంది. నిజమే, ళ, ణ ఆయనకు లొంగలేదు. 'భలే తమ్ముడు'లో హుషారు ఆ లోపాన్ని కప్పేస్తుంది. 'ఆరాధన'లో కప్పాల్సిన అవసరమే లేదు, అక్కడ గొంతు మాటను మోసుకుపోయింది. మాకన్నిటికంటే నచ్చింది కబీరు. జులాహా ముస్లిం ఇంట పెరిగిన కవికి, గోల్కొండ చెరసాల కథ చెప్పే తెలుగు సినిమాలో, పంజాబీ ముస్లిం గొంతు! నాగయ్యగారు ఆ గొంతును వెతికి తెచ్చుకున్నారు. ఇప్పుడు ఇలాంటి ఎంపిక చేసే నిర్మాత ముందు లెక్కలు చూసుకుంటాడు.

ఘంటసాల భగవద్గీత, సుబ్బులక్ష్మి వేంకటేశ్వర సుప్రభాతం మా అభిప్రాయాల్లోంచి తప్పించుకోలేవు. రోజూ పొద్దున్నే ఫజర్ అజాన్ అయిన కొద్దిసేపటికే గుడి మైకులోంచి వినబడేవి అవే. అడిగి విన్నది కాదు, చెవిన పడింది. సుప్రభాతం 1963 ఎల్పీలో తాళం గడియారంలా నడుస్తుంది, గొంతులో తొందర ఉండదు. ఘంటసాల గీత అంతకంటే దగ్గరగా తగులుతుంది. శ్లోకం పాడి, తెలుగులో తాత్పర్యం చెప్పేటప్పుడు బడిపంతులులా గొంతు దించుతారు. పాపం, ఆ రికార్డును తెలుగు జనం శవయాత్ర బండ్లకు అప్పగించేశారు. ఎక్కడన్నా గీత వినబడితే 'ఎవరు పోయారు' అని అడిగే స్థితి వచ్చింది. మంచి రికార్డుకు ఇంత అన్యాయం మరెక్కడా జరగలేదనుకుంటాం. అజాన్ మైకు మీద మాత్రమే కోపం వచ్చే చెవులకు మేము చెప్పేదొకటే. మాకు రెండు మైకుల మోతా అలవాటే, రెండింటిలో మంచి గొంతేదో చెడ్డ గొంతేదో కూడా చెప్పగలం. మా వీధిలో అజాన్ ఇచ్చిన మౌజన్‌లలో శ్రుతిలో ఇచ్చినవాళ్ళు తక్కువే.

నాదస్వరం దగ్గర మా బాధ వేరు. షేక్ చిన మౌలానా (1924–1999) ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టారు. చిలకలూరిపేట ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తంజావూరు బాణీ మీద మోజుతో నాచియార్‌కోయిల్ సోదరుల దగ్గర మళ్ళీ విద్యార్థి అయ్యారు. తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో తెలుగు మాట్లాడే ముస్లిం కుటుంబాలు తరతరాలుగా గుళ్ళలో, పెళ్ళిళ్ళలో నాదస్వరం ఊదుతున్నాయి. అక్కడి నుంచే వచ్చి శ్రీరంగంలో స్థిరపడ్డ కాలీషాబీ, మహబూబ్ సుభానీ దంపతులకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

చిన మౌలానా గారి గురించి పత్రికల్లో వచ్చినవి తీసి చూడండి. 'మతసామరస్యానికి ప్రతీక', 'రంగనాథుడి సన్నిధిలో ముస్లిం నాదం'. అంతే. ఆయన తోడి ఎలా వాయిస్తారు? ఆలాపనలో ఎక్కడ ఆగుతారు? ఒక్క వాక్యం ఉండదు. బిస్మిల్లా ఖాన్‌కూ ఇదే గతి. గంగానది, సరస్వతి, అయిదు పూటల నమాజు అని రాసి ముగిస్తారు, షెహనాయ్ గురించి రాయరు. ఒక కళాకారుడికి జీవితమంతా మంచి ముస్లిం సర్టిఫికెట్ ఇస్తూ, కళకు మార్కులు వేయకపోవడం కూడా అవమానమే.

మేము వేస్తాం. రాజరత్నం పిళ్ళై తోడి తర్వాత నాదస్వరంలో తోడి వాయించడమంటే పులి గుహలో తల పెట్టడమే. చిన మౌలానా ఆ బాణీనే ఎంచుకున్నారు, కానీ రాజరత్నం ఉప్పెనను అనుకరించలేదు. గాంధారాన్ని పట్టుకుని ఊపుతూ ఊపుతూ, విన్నవాడికి ఊపిరాడనంతసేపు నిలబెట్టి, అప్పుడు వదులుతారు. నాదస్వరం బయలు వాయిద్యం, నాలుగు మాడవీధులకు వినబడాలి. దాన్ని స్టూడియోలో పెడితే రేకు శబ్దం వస్తుంది. ఆయన రికార్డుల్లో కొన్నింటికి ఆ జబ్బు ఉంది. డోలు మరీ ముందుకొచ్చి గొంతు నొక్కేస్తుంది. కచేరీల్లో పట్టిన టేపులు వాటికంటే ఎన్నోరెట్లు మేలు.

ఇంతటి మనిషిని ఉర్దూ హైదరాబాద్ ఏనాడైనా మనవాడనుకుందా? అనుకోలేదు. ఉర్దూ రాని ముస్లిం, అందులో గుడి ముందు ఊదే ముస్లిం. దూదేకుల, నూర్‌బాషా అంటే మన అష్రాఫ్ కుటుంబాలు పిల్లనివ్వవు, పక్కన కూర్చోబెట్టుకోవు. బుర్రకథ నాజర్ (1920–1997) తన ఆత్మకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నారంటే ఆ తిట్టును ఎన్నిసార్లు విని ఉంటారో ఆలోచించండి. ప్రజానాట్యమండలి రోజుల నుంచి పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం చెప్పి తెలుగువాళ్ళ చేత పౌరుషంతో పిడికిళ్ళు బిగించేలా చేసిన గొంతది. ఆయన కథను రికార్డు మీద వింటే సగమే వినబడుతుంది. అందె లేదు, అడుగు లేదు, వంతలవైపు తిరిగి విసిరే చూపు లేదు. ఆ సగమే చాలామంది పూర్తి గాయకుల కంటే పెద్దది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి కాస్త దూరం పోదాం, అమెరికాకు. 1940లు, 50లలో అక్కడి నల్లజాతి జాజ్ కళాకారులు చాలామంది ఇస్లాం తీసుకున్నారు. ఎక్కువమంది అహ్మదీయా ప్రచారకుల ద్వారా. మన ముల్లాలు ముస్లింలుగా ఒప్పుకోని శాఖ అది. పాకిస్తాన్ 1974లో ఏకంగా రాజ్యాంగం సవరించి వాళ్ళను ముస్లింలు కారని ప్రకటించింది. ఫ్రెడ్రిక్ రస్సెల్ జోన్స్ అహ్మద్ జమాల్ అయ్యాడు. ఆర్ట్ బ్లేకీ అబ్దుల్లా ఇబ్న్ బుహైనా అయ్యాడు. యూసుఫ్ లతీఫ్ సరేసరి. డిజీ గిలెస్పీ తన ఆత్మకథలో ఒక విచిత్రం చెప్పాడు. నల్లవాళ్ళను గడప తొక్కనివ్వని హోటళ్ళలో ముస్లిం పేరుతో వెళ్తే నీగ్రో లెక్కలోకి రాకుండా తప్పించుకునేవాళ్ళట. అక్కడ ముస్లిం పేరు చెబితే తలుపు తెరుచుకునేది! ఇక్కడ అద్దె ఇంటికి వెళ్ళి పేరు చెప్పగానే 'ఇప్పుడే ఇచ్చేశామండీ' అంటారు. పేరు అదే, తలుపులు వేరు. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయితే తప్ప హీరో కాలేని దేశం మనది.

అహ్మద్ జమాల్ 1958లో షికాగో పెర్షింగ్ హోటల్లో వాయించిన ఆల్బం మా దృష్టిలో పియానో మీద మౌనం గురించి రాసిన పాఠం. ఎక్కడ వాయించకూడదో తెలిసిన మనిషి. యూసుఫ్ లతీఫ్ 'ఈస్టర్న్ సౌండ్స్' (1961) పేరుకు తగ్గ 'తూర్పు' ఏమంత లేదు. కొంత సినిమా తూర్పు. ఆయన బ్లూస్ వాయించినచోటే నిజంగా తూర్పు వినబడుతుంది మాకు. జాన్ కోల్ట్రేన్ ముస్లిం కాలేదు, మొదటి భార్య నయీమా ముస్లిం. ఆయన 'ఎ లవ్ సుప్రీం' 1964 డిసెంబరులో ఒకే రోజు రికార్డయింది. నాలుగు స్వరాల మాటనే మళ్ళీ మళ్ళీ, ఒక్కో శ్రుతిలో తిప్పి తిప్పి అంటుంటే గురువారం రాత్రి దర్గాలో జిక్ర్‌కు కూర్చున్నట్టుంటుంది. జాజ్ తెలియనివాళ్ళకు మేము ముందుగా వినిపించేది అదే. ఖవాలీ అలవాటైన చెవికి దాన్ని ఎవరూ వివరించాల్సిన పనిలేదు.

ఖవాలీ అంటే మాకు ముందు అజీజ్ అహ్మద్ ఖాన్ వార్సీ. హైదరాబాద్ మనిషి, 1971లో పద్మశ్రీ. తర్వాతే నుస్రత్ ఫతే అలీ ఖాన్. నుస్రత్ 'మస్త్ మస్త్' (1990) ప్రపంచమంతా తిరిగింది. సింథసైజర్ల మీద ఆయన ఆలాపనలు ముక్కలుగా కోసి అతికించారు. బాగుంది, అంతే. అంతకు ముందటేడాది వచ్చిన 'షాహెన్‌షా'లో చప్పట్లు, హార్మోనియం, పార్టీ మొత్తం గొంతులు వినండి, తేడా తెలుస్తుంది. సెనెగల్ గాయకుడు యూసూ ఎన్'దూర్ తమ సూఫీ గురువుల మీద పాడిన 'ఈజిప్ట్' (2004) మాకు ఇంకా ఇష్టం. పాప్ పాటగాడు పవిత్రుల పేర్లెత్తుతాడా అని స్వదేశంలో ముఖం తిప్పుకున్నారు. గ్రామీ వచ్చాక పూలదండలు వేశారు. హరామ్‌కు విరుగుడు అమెరికాలో దొరుకుతుందన్నమాట!

ఏ.ఆర్. రహమాన్ దగ్గరకు రాక తప్పదు. 'రోజా' 1992 ఆగస్టులో వచ్చింది. ఆ డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూల్చారు. ఆ నాలుగు నెలలూ, ఆ తర్వాతా ఊరూరా మోగిన క్యాసెట్ అది. బాస్ గిటార్‌ను పల్లెపాట కింద అలా పరిచినవాళ్ళు మన సినిమాల్లో లేరు. నిశ్శబ్దాన్ని కూడా ఒక వాయిద్యంగా వాడిన మొదటి సినిమా ఆల్బం అని మా అభిప్రాయం. కానీ సినిమాలో ఏముంది? హీరో మండుతున్న జాతీయ జెండా మీద పడి ఆర్పుతుంటాడు, మిలిటెంటు నమాజు చేసుకుంటూ ఉంటాడు. ఒకే దృశ్యంలో జెండా వాళ్ళకు, నమాజు వీళ్ళకు పంచేశారు. దాని వెనక సంగీతం అప్పుడప్పుడే ముస్లిం అయిన పాతికేళ్ళ కుర్రాడిది. ఆ క్యాసెట్ టేపు తెగేదాకా విన్నాం. ఆ సినిమా రెండోసారి చూడలేదు.

1997 ఆగస్టులో, స్వాతంత్ర్యం యాభయ్యేళ్ళ పండక్కి, అదే రహమాన్ 'వందేమాతరం' ఆల్బం ఇచ్చాడు. ఆ పాట ఉన్నదున్నట్టు పాడటం మీద ముస్లింల అభ్యంతరం పాతదే. 1937లో కాంగ్రెస్ మొదటి రెండు చరణాలకే పరిమితం చేసిందీ అందుకే. రహమాన్ ఆ తగువులోకి దిగకుండా తల్లికి సలాం చెప్పే కొత్త పాట కట్టుకున్నాడు. చూశారా, ఆయన పాడాడు, మీకేం నొప్పి అన్నారు కొందరు. బిస్మిల్లా ఖాన్ చేతిలో పెట్టిన సర్టిఫికెట్టే ఈయన చేతిలోనూ పెట్టారు. సరే, రికార్డుగా ఎలా ఉంది? పెద్ద స్టేడియంలో మోగడానికి చేసిన శబ్దం, ఇంట్లో వింటే అలసట. కానీ ఆ పై స్థాయిలో ఆయన గొంతు చాలక చీలిపోయే చోటు ఉంది చూడండి, ఆల్బం మొత్తంలో మాకు నమ్మకం కలిగించేది ఆ చీలికే. అందులో నుస్రత్‌తో కలిసి పాడిన పాట కూడా ఉంది. ఆగస్టు 16న నుస్రత్ లండన్‌లో చనిపోయారు. రెండు దేశాల పండగల సందడి ఇంకా చల్లారలేదు.

హైదరాబాద్ ముస్లిం ఆడపిల్ల గురించి వచ్చిన గొప్ప ఆల్బం ఏదంటే 'బజార్' (1982). ఖయ్యాం సంగీతం. గల్ఫ్ ముసలాళ్ళకు పిల్లలను నికా పేరుతో అమ్మే కథ. మీర్‌తో పాటు మన మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) గజల్ కూడా అందులో ఉంది, పాడినవాళ్ళలో మన ఊరి తలత్ అజీజ్ ఒకరు. ఖయ్యాం వాయిద్యాలను ఎంత తక్కువ వాడారంటే, మాట ఒంటరిగా వీధిలో నిలబడ్డట్టుంటుంది. పెళ్ళిళ్ళలో ఆ పాటలు బ్యాండు మీద వాయించే మహానుభావులు ఆ సినిమా చూడలేదని మా ఊహ.

మఖ్దూం పేరు వచ్చింది కనుక ఇంకో పాట. 1970ల చివర తీసిన 'మా భూమి' సినిమాలో నైజాం రాజును నిలదీసే పాట, బండి యాదగిరిది, గద్దర్ పాడిన పాట. తెలంగాణ నుంచి రికార్డుకెక్కిన గొంతుల్లో దానికి సాటి లేదు. మేమూ పాడాం, గొంగడి లేకపోయినా భుజం మీద తువ్వాలేసుకుని పాడాం. కానీ సభ అయిపోయి ఇళ్ళకు పోయేటప్పుడు ఆ 'నైజాం' అనే మాట రిక్షా తొక్కే మావాడి నుదుటి మీద అంటుకుని ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ మీద భూమి కోసం కొట్లాడి 1940లో హత్యకు గురైన షేక్ బందగీ మావాడే. రజాకార్లను విమర్శించినందుకు 1948 ఆగస్టులో చంపేసిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ మావాడే, మా వృత్తివాడు కూడా. ఆ సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ రోజుల్లో, ఆ తర్వాతా చనిపోయినవాళ్ళు తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ లెక్క. ఎక్కువమంది ముస్లింలే. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. రాజు మీద పాట ఉంది, దొర మీద పాట ఉంది. ఊరి బావుల్లో తేలిన మా శవాల మీద మేము విన్న రికార్డుల్లో ఒక్క పాట లేదు.

తమిళనాడు ముస్లింలను చూసి ఒక విషయంలో అసూయపడతాం. నాగూర్ హనీఫా (1925–2015) వాళ్ళకు తమిళంలో అల్లా పాటలు పాడి పెట్టాడు. అదే గొంతుతో డీఎంకే ఎన్నికల పాటలూ పాడాడు. బొంగురు గొంతు, గట్టి గొంతు, మైకు లేకపోయినా వినబడే గొంతు. భక్తికి, భాషకు, పార్టీకి ఒకే శ్రుతి. తెలుగు ముస్లింలకు ఆ స్థాయి గొంతు దొరకలేదు. మా నాత్‌లు ఉర్దూలో, మా లాలిపాటలు సగం ఉర్దూ సగం తెలుగులో.

దొరకలేదంటే అసలు లేదని కాదు. మొహర్రంలో తెలంగాణ పల్లెలకు వెళ్ళండి. కర్బలా కథ తెలుగులో వినబడుతుంది. హసన్, హుస్సేన్ అక్కడ ఆశన్న, ఊశన్న. పీరు ఎత్తేది ఒకరు, దప్పు కొట్టేది మాదిగవాడ నుంచి వచ్చినవాళ్ళు, గుండం చుట్టూ తిరిగి పాడేది ఊరంతా. క్యాసెట్ కంపెనీలు వచ్చాక ఈ పాటలు కొన్ని స్టూడియోకు వెళ్ళాయి. కీబోర్డు తగిలించారు, రిథమ్ ప్యాడ్ పెట్టారు, మొదట్లో గుర్రపు డెక్కల చప్పుడు కూడా వేశారు. పాట మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగం. గుండం దగ్గర అలా ఉండదు. అడుగులు నెమ్మదిగా మొదలై, నిప్పు మీద ఊదు పడ్డకొద్దీ వేగం పెరిగి, దప్పు కొట్టేవాళ్ళు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అందరూ ఆగి, మళ్ళీ అందుకుంటారు. ఈమధ్య కుర్రాళ్ళు ఫోన్లలో పట్టినవి మా దగ్గరకూ వస్తున్నాయి. గాలికి గరగరలాడుతుంటాయి, పక్కన పిల్లలు అరుస్తుంటారు, సగంలో ఎవరికో ఫోన్ వస్తుంది. స్టూడియో క్యాసెట్ల కంటే మాకు అవే బాగున్నాయి.